ముబారిజ్ ఖాన్ నమ్మిన కాగితం

మా మేనకోడలు గ్రూప్-2కి చదువుతోంది. ఆదివారం మా ఇంటికి వస్తే మోడల్ పేపర్ నా చేతికిస్తుంది. నేను ప్రశ్న చదవాలి, తను జవాబు చెప్పాలి. ఈమధ్య ఒకసారి ఒక ప్రశ్న వచ్చింది: "నిజాం-ఉల్-ముల్క్ దక్కన్‌లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న సంవత్సరం ఏది?" నేనింకా ఆప్షన్లు చదవనేలేదు, "1724" అనేసింది.

"ఎక్కడ ప్రకటించాడమ్మా?" అన్నాను.

"ఎక్కడేంటి మామయ్యా, హైదరాబాద్‌లోనే కదా."

"1724లో యుద్ధం జరిగింది బేరార్‌లో, ఇప్పటి విదర్భ వైపు. ఆయన హైదరాబాద్‌లో అడుగుపెట్టింది మరుసటి ఏడు. అయినా ఏమని ప్రకటించాడు? ఎవరికి చెప్పాడు?"

నా మొహం వంక చూసి, "మామయ్యా, నాకు మార్కు కావాలి. తర్వాతది చదువు" అంది.

చదివాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. "స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాడు" అన్న మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ మొదటి నిజాం ఏదో కోట బురుజెక్కి డప్పు వేయించినట్టు అనిపిస్తుంది. నిజానికి అలాంటిదేమీ జరగలేదు. శుక్రవారం నమాజు ప్రసంగంలో, అంటే ఖుత్బాలో, ఢిల్లీ పాదుషా పేరే చదివించాడు. నాణేల మీద పాదుషా పేరే వేయించాడు. ఆయన వారసులూ అదే పద్ధతి నడిపారు. 1857 తిరుగుబాటు అణిచాక ఇంగ్లీషువాళ్లు బహదూర్ షా జఫర్‌ని గద్దె దింపేదాకా హైదరాబాద్ రూపాయి మీద మొఘల్ పాదుషా పేరు పోలేదు. స్వతంత్రం ప్రకటించుకున్నవాళ్లు నూట ముప్ఫై ఏళ్ల పాటు పక్కవాడి పేరు మీద రూపాయలు కొట్టుకుంటారా?

ఇది తారీఖు తగాదా అయితే ఇంత రాసేవాణ్ని కాదు. కూలిపోతున్న సామ్రాజ్యంలో సుబాదారుగా, అంటే ఒక సుబా (రాష్ట్రం) మీద పాదుషా పెట్టిన అధికారిగా, బతకడం ఎలా ఉంటుందో ఆ ఒక్క వాక్యం పూర్తిగా మింగేస్తుంది. ద్రోహం చేసి గెలిచినవాడు ఒకడు, విధేయుడిగా ఉండి చచ్చినవాడు ఒకడు అని రెండు డబ్బాలు పెట్టి అందరినీ వాటిలో సర్దేస్తాం. ఆ రెండు డబ్బాలూ తప్పని నా అభిప్రాయం. అలా అనడానికి నాకో సొంత కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

పేరు మిగలని గోడ

పాత హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఆరు మైళ్ల గోడ ఉండేది. ఇప్పుడు దర్వాజాల్లో మిగిలినవి రెండు, పురానాపూల్ దగ్గర ఒకటి, దబీర్‌పురాలో ఒకటి. దబీర్‌పురా దర్వాజా కింద నుంచి ఆటోలు, బైకులు రోజంతా దూరుతూనే ఉంటాయి. కమాను మీద కరెంటు తీగలు, గోడకు పోస్టర్లు. ఎవరు కట్టించారని అడిగితే నూటికి తొంభై మంది నిజాం అంటారు. సగం నిజం. కట్టడం మొదలుపెట్టింది హైదరాబాద్ చివరి మొఘల్ సుబాదారు ముబారిజ్ ఖాన్. నిజాం పూర్తి చేయించాడు.

ముబారిజ్ ఖాన్ అసలు పేరు ఖ్వాజా మహమ్మద్. బల్ఖ్ నుంచి చిన్నప్పుడే తల్లితో ఈ దేశం వచ్చాడు. ఔరంగజేబు కొలువులో పలుకుబడి ఉన్న ఇనాయతుల్లా ఖాన్ కాశ్మీరీకి అల్లుడయ్యాక మెట్లెక్కడం సులువైంది. గుజరాత్‌లో పనిచేసి 1713లో హైదరాబాద్‌కి వచ్చాడు. 1724లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. పదకొండేళ్లు!

ఈ పదకొండేళ్లు అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. మొఘల్ పద్ధతిలో సుబాదారు ఒకచోట మూడు నాలుగేళ్లకు మించి ఉండకూడదు. కత్తి సుబాదారు చేతిలో, పద్దు దివాను చేతిలో. దివాను నేరుగా ఢిల్లీకి రాస్తాడు. కోటల ఖిల్లాదార్లను నియమించేదీ ఢిల్లీయే. ఒకడి మీద ఒకడికి కన్ను. ఎవడైనా ఊళ్లో వేళ్లు దిగనిచ్చేలోపు బదిలీ. మన కలెక్టర్ల బదిలీలకు తాతల నాటి పద్ధతి అన్నమాట. సామ్రాజ్యం బతికుందో లేదో తెలియాలంటే సైన్యం లెక్క చూడక్కర్లేదు, బదిలీ ఆర్డర్ పనిచేస్తోందా లేదా చూస్తే చాలు. ముబారిజ్ ఖాన్‌ని పదకొండేళ్లు ఎవరూ కదపలేదంటే, ఢిల్లీలో కదిపే చెయ్యి లేదు.

అతనికి ముందు ఆ కుర్చీ

ఆ కుర్చీ ఎలాంటిదో అతనికి తెలియక కాదు. ఔరంగజేబు పోయాక ఆయన చిన్న కొడుకు కాంబక్ష్ హైదరాబాద్ తనదన్నాడు. అప్పుడు ఇక్కడున్న అధికారి రుస్తుం దిల్ ఖాన్ ఆ షెహజాదా పక్షమే చేరాడు. చేరినా అనుమానం తప్పలేదు. ఏనుగు కాళ్ల కింద తొక్కించి చంపించాడు కాంబక్ష్. 1709 జనవరిలో కాంబక్ష్ అన్న, అప్పటి పాదుషా మొదటి బహదూర్ షా సైన్యంతో వచ్చి హైదరాబాద్ దగ్గరే తమ్ముణ్ని ఓడించాడు. ఆ గాయాలతోనే కాంబక్ష్ పోయాడు.

సర్వాయి పాపన్న కథ కూడా ఆ రోజులదే. పాపన్న ఖిలాషాపూర్ కోటలో ఉండగా ఇదే రుస్తుం దిల్ ఖాన్ వెళ్లి ముట్టడించి, చివరికి డబ్బు తీసుకుని తిరిగొచ్చాడు. ఆ పాపన్న 1708లో వరంగల్ మీద పడ్డాడు. మరుసటి ఏడు బహదూర్ షా హైదరాబాద్‌లో దర్బారు తీరిస్తే, పాపన్న పద్నాలుగు లక్షల రూపాయలు నజరానా ఇచ్చి, పాదుషా చేతి మీదుగా ఖిలత్ (గౌరవ వస్త్రం) పుచ్చుకున్నాడు. పరగణాల్లో దోపిడీకి గురైన షరీఫులు (పెద్దింటివాళ్లు), ఉలేమాలు (మత పండితులు) గోలపెట్టాక గానీ పాదుషాకు తానేం చేశాడో తట్టలేదు. అప్పుడు హైదరాబాద్ సుబాదారు యూసుఫ్ ఖాన్‌కి హుకుం ఇచ్చాడు, వాణ్ని పట్టుకోమని. 1710లో పట్టుకున్నారు, చంపారు, తల పాదుషా దగ్గరికి పంపారు.

పాపన్నను వీరుడనాలా దొంగ అనాలా అనే చర్చ వేరే రోజు. నేను చూసేది యూసుఫ్ ఖాన్ వైపు నుంచి. నిన్న మీ పాదుషా శాలువా కప్పినవాణ్ని ఇవాళ నువ్వెళ్లి పట్టుకోవాలి. రేపు మళ్లీ మనసు మారితే? కూలిపోతున్న సామ్రాజ్యంలో సుబాదారుకు అసలు టెన్షన్ శత్రువు గురించి కాదు. పైవాడి మాట ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియకపోవడం.

ఇంత చూశాక వచ్చినవాడు ముబారిజ్ ఖాన్. ఏం చేశాడు? దివాను మీదా, కోటల మీదా తన మాటే చెల్లేలా చూసుకున్నాడు. కొడుకులకు పదవులిచ్చాడు. బంధువులకిచ్చాడు. నమ్మిన బానిసను కోట మీద పెట్టాడు. ఏటా దండు కట్టి శిస్తు ఎగ్గొట్టే జమీందార్ల మీదికి వెళ్లేవాడు. ఢిల్లీలో పాదుషాలను ఎక్కించి దింపిన సయ్యద్ సోదరుల్లో చిన్నవాడు హుసేన్ అలీ, దక్కన్ ఆరు సుబాల మీద మరాఠాలకు చౌత్ (శిస్తులో నాలుగో వంతు) ఒప్పుకున్నాక కూడా ఇతను వాళ్లను తన సుబాలో వసూళ్లు చేయనివ్వలేదు, ఎదిరించాడు. వసూలైన డబ్బు ఇక్కడే సైన్యానికి ఖర్చుపెట్టాడు. ఢిల్లీకి పంపలేదు.

ఇప్పుడు చెప్పండి, నిజాం చేశాడని మనం చెప్పుకునే పనుల్లో ఇతను చేయనిదేమిటి? కానీ ఇతన్ని ఎవరూ స్వతంత్రుడు అనలేదు. పాపన్నకు ఊరూరా విగ్రహాలున్నాయి. నిజాం పేరు ఆస్పత్రికీ సాగరానికీ ఉంది. ఇతనికి ఒక సందు కూడా లేదు.

నా బ్రాంచి

ఇక నా సొంత కారణం. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక ఫైనాన్స్ కంపెనీలో బ్రాంచి మేనేజర్ని. కంపెనీ పేరు అక్కర్లేదు, ఇప్పుడు లేదు కూడా. కోస్తాలో ఒక చిన్న టౌను. రోజువారీ కలెక్షన్. సాయంత్రం ఐదులోపు బ్యాంకులో కట్టి, స్లిప్పు హెడ్డాఫీసుకి ఫ్యాక్స్ చేయాలి. మొదటి మూడేళ్లు గడియారంలా నడిచింది. ఆ తర్వాత జీతాలు పది రోజులు లేటు, నెల లేటు, చివరికి మూడు నెలలు లేటు. హెడ్డాఫీసులో మాత్రం ఒక్క ఏడాదిలో ముగ్గురు ఎండీలు మారారు. ప్రతి కొత్త ఎండీ సంతకంతో ఒక సర్క్యులర్ వచ్చేది, టార్గెట్లు పెంచుతూ.

ఒకరోజు మా కలెక్షన్ ఏజెంటు ఒకతను క్యాష్ కట్టలు టేబుల్ మీద పెట్టి, లెక్క చూపించి, అక్కడే నిలబడ్డాడు. వెళ్లలేదు. "ఏంటయ్యా?" అంటే, "సార్, ఇదంతా నేనే తెచ్చాను గదా. ఇందులో మూడు వేలు నావి" అన్నాడు. పిల్లాడి ఫీజు. నేను కట్టలోంచి మూడు వేలు తీసి ఇచ్చాను. వోచరు రాయించి సంతకం పెట్టించాను, అదొక్కటే నా నిజాయితీ. ఆ మర్నాడు అటెండరు. ఆ వారం చివరికి అందరూ. ఆ తర్వాత, కూతురి పెళ్లి పెట్టుకున్న డిపాజిటర్ ఒకాయన వచ్చి కూర్చుంటే ఆయనకీ. రెండు నెలలు నేను హెడ్డాఫీసుకి పైసా పంపలేదు. మెమోలు వచ్చాయి. ప్రతి మెమోకీ "తమ ఉత్తర్వుల ప్రకారం" అని మొదలుపెట్టి వినయంగా జవాబు రాశాను. డబ్బు మాత్రం పంపలేదు.

నేను స్వాతంత్ర్యం ప్రకటించుకున్నానా? బోర్డు మీద కంపెనీ పేరే ఉంది. రసీదు పుస్తకం కంపెనీదే. ఆ రసీదు పుస్తకం లేకపోతే బజార్లో నాకు ఒక్కడూ రూపాయి కట్టేవాడు కాదు. పాదుషా పేరు లేని నాణెం బజార్లో చెల్లనట్టే. నిజాం మొఘల్ నాణెం ఎందుకు వదల్లేదో నాకు అర్థమైంది ఏ పుస్తకంలోంచో కాదు, ఆ రసీదు పుస్తకం నుంచే.

రహస్య కాగితాలు

నిజాం సంగతి కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. ఆయన్ని పుట్టుకతో ద్రోహిగా చూసేవాళ్లు 1715ని మర్చిపోతారు. 1713లో పాదుషా ఫరూక్‌సియర్ ఆయన్ని దక్కన్ సుబాదారుగా పంపాడు, నిజాం-ఉల్-ముల్క్ బిరుదు ఇచ్చాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆ పదవి హుసేన్ అలీకి ఇచ్చి వెనక్కి రమ్మన్నారు. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లాడు. తర్వాత మొరాదాబాద్ ఇస్తే అక్కడికి వెళ్లాడు. మాల్వా ఇస్తే మాల్వా వెళ్లాడు. అప్పటికింకా బదిలీ ఆర్డర్‌కి విలువ ఉంది, లేదా ఉందని ఆయన అనుకున్నాడు.

నడుమ 1719 వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో ఢిల్లీ గద్దె మీద నలుగురు కూర్చున్నారు. ఫరూక్‌సియర్‌ని కళ్లు పొడిచి, గొంతు పిసికి చంపారు. ఆయన తర్వాత కూర్చోబెట్టిన ఇద్దరు కుర్రాళ్లూ నెలల్లోనే జబ్బుతో పోయారు. నాలుగోవాడు మహమ్మద్ షా. అదే మనిషి 1715లో లొంగి, 1724లో ఎందుకు లొంగలేదని అడిగితే నా జవాబు ఇది: మనిషి మారలేదు, పదవి తిరిగి అప్పగించడానికి అవతల మనిషి లేకుండా పోయాడు.

ఆ పాదుషాల చేతిలో సైన్యం లేదు, డబ్బు లేదు. ఒకే ఒక్క ఆయుధం మిగిలింది: రహస్య కాగితం. ఒక సుబాదారుని పదవిలో పెడతారు, ఆ వెనకే ఇంకో సుబాదారుకి చాటుగా రాస్తారు, వాణ్ని లేపేయమని. 1715లో హుసేన్ అలీ దక్కన్ వస్తుంటే ఫరూక్‌సియర్ దావూద్ ఖాన్ పన్నీకి అలాగే రాశాడు. కర్నూలు నవాబులది ఆ పన్నీ వంశమే. దావూద్ ఖాన్ బుర్హాన్‌పూర్ దగ్గర హుసేన్ అలీని ఎదిరించి చచ్చాడు. 1720లో సయ్యద్ సోదరుల మీదికి ఉసిగొల్పుతూ అలాంటి సందేశాలే నిజాంకి అందాయి. ఆయన నర్మద దాటి వచ్చి, జూన్‌లో ఒక సైన్యాన్నీ ఆగస్టులో ఇంకో సైన్యాన్నీ ఓడించి దక్కన్ పట్టుకున్నాడు. ఆయనకి కాగితం అచ్చొచ్చింది.

1722లో ఆయన్నే ఢిల్లీ పిలిచి వజీరు (ప్రధానమంత్రి) చేశారు. ఔరంగజేబు కాలం నాటి మర్యాదలు, పాత ఫ్యాషన్ బట్టలు. దర్బారులో కుర్రకారు ఆయన సలాము చూసి "దక్కన్ కోతి ఆడుతోంది చూడండి" అని నవ్వుకునేవాళ్లని చెప్పుకుంటారు. యాభై దాటిన మనిషి. ఖర్చు తగ్గించండి, లంచాలు ఆపండి అంటే వినేవాడు లేడు. 1723 చివర్లో వేట నెపంతో ఢిల్లీ వదిలి దక్కన్ దారి పట్టాడు. మహమ్మద్ షా చుట్టూ ఉన్నవాళ్లు పాత ఆయుధం తీశారు. హైదరాబాద్‌లో ముబారిజ్ ఖాన్‌కి ఫర్మానా (పాదుషా ఉత్తర్వు) వెళ్లింది: దక్కన్ మొత్తానికి సుబాదారు నువ్వే, నిజాంని అడ్డుకో.

ఇక్కడే నాకు ముబారిజ్ ఖాన్ మీద జాలీ కోపమూ కలిసి వస్తాయి. 1720 గెలుపు తర్వాత తన సైన్యంతో వెళ్లి నిజాంని కలిసి హోదా పెంచుకున్నవాడు అతను. ఢిల్లీ నుంచి వచ్చిన కాగితాలను పదకొండేళ్లు కళ్లకద్దుకుని పక్కన పడేసినవాడు. సొమ్ము పంపమంటే పంపలేదు, చౌత్ ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. ఢిల్లీ మాటకు ఎంత విలువుందో అతని కన్నా బాగా తెలిసినవాడు దక్కన్‌లో ఇంకొకడు లేడు. అలాంటివాడు తనకి నచ్చిన ఒక్క కాగితాన్ని మాత్రం అక్షరం అక్షరం నమ్మాడు. కడుతున్న గోడ వదిలేసి, గోల్కొండ కోట వదిలేసి బేరార్ దాకా నడిచాడు.

నిజాం నెలల తరబడి ఉత్తరాలు రాశాడు. ముసల్మానుల రక్తం ముసల్మానులు ఎందుకు చిందించుకోవాలి, ఆలోచించు అని. మంచి మాట కోసమూ రాసి ఉండొచ్చు, సైన్యం కూడగట్టుకునే వ్యవధి కోసమూ రాసి ఉండొచ్చు. ఈలోపు మరాఠాలతోనూ మాట్లాడుకున్నాడు. 1724 అక్టోబరు 11న షకర్ ఖేడా దగ్గర యుద్ధం. ముబారిజ్ ఖాన్, ఇద్దరు కొడుకులు అక్కడే పోయారు.

గెలిచాక నిజాం చేసిన పనిని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ముబారిజ్ ఖాన్ తల కోయించి పాదుషాకి పంపాడు, తమరి మీద తిరగబడినవాణ్ని శిక్షించాను, అభినందనలు అని రాసి! ఎవరి ఫర్మానా పట్టుకుని ఆ మనిషి యుద్ధానికి వచ్చాడో, వాళ్లకే ఆ తల. మహమ్మద్ షా ఏం చేశాడు? మింగాడు. 1725లో దక్కన్ సుబాదారీ నిజాంకే ఖాయం చేసి, ఆసఫ్ జా బిరుదు ఇచ్చి, ఏనుగునీ నగలనీ పంపాడు.

ఆ బిరుదులోంచే ఆసఫ్ జాహీ వంశం. అంటే మన పరీక్ష పేపర్ల ప్రకారం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న వంశానికి పేరు పెట్టిందే ఎవరి నుంచి స్వతంత్రమయ్యారో ఆయన.

నాకూ ఒకటి వచ్చింది

మా కంపెనీ ఆఖరి రోజుల్లో నాకు ఒక కవరు వచ్చింది. కొత్త ఎండీ సంతకం. నన్ను జోనల్ మేనేజర్ చేశారు. పక్క జిల్లా బ్రాంచిలో మేనేజరు రెండు నెలలుగా కలెక్షన్ పంపడం లేదు, వెంటనే వెళ్లి చార్జి తీసుకోవాలి.

నేనూ రెండు నెలలుగా పంపడం లేదు! అది తెలిసే రాశారు. జీతం రాని కంపెనీ ఇచ్చిన ప్రమోషన్ అది. దాని విలువెంతో నాకు తెలియదా? తెలుసు. అయినా ఏం చేశానో తెలుసా, రెండు వందల విజిటింగ్ కార్డులు కొట్టించాను. సొంత డబ్బుతో. తెల్ల అట్ట మీద నీలం అక్షరాలు. తెల్లారి బస్సెక్కి పక్క జిల్లాకి వెళ్లాను.

అక్కడి మేనేజరు నాకన్నా పదేళ్లు పెద్దవాడు. టీ తెప్పించాడు. నా ఆర్డర్ తీరిగ్గా చదివి, డ్రాయరు లాగి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టాడు. దాని ప్రకారం జోనల్ మేనేజరు ఆయన. సంతకం పాత ఎండీది, తేదీ మూడు వారాల ముందుది. "మీ బ్రాంచికే వద్దామనుకుంటున్నానండీ, బస్సు చార్జీలు లేక ఆగాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. మధ్యాహ్నం వాళ్లింట్లో భోంచేసి తిరుగు బస్సెక్కాను. మా ఇద్దరి దగ్గరా ఏనుగులూ ఫిరంగులూ లేకపోవడం మా అదృష్టం.

కార్డుల్లో పదో పన్నెండో పంచినట్టున్నాను. మిగతావాటి వెనక మా ఆవిడ కొన్నేళ్లు పాల లెక్క రాసింది.

కాబట్టి ముబారిజ్ ఖాన్ ఎందుకు వెళ్లాడని ఎవరైనా అడిగితే విధేయత అనీ చెప్పను, మూర్ఖత్వం అనీ చెప్పను. పైవాడి మాటకు విలువ లేదని తెలిసినా, ఆ మాట మన పేరుతో వచ్చినప్పుడు ఒక్క పూట విలువ ఉన్నట్టే అనిపిస్తుంది.

నా వాదనలో బొక్కలు

ఇలా రాస్తుంటే ఒక అనుమానం. రెండు నెలల కలెక్షన్ దాచుకున్న పాత మేనేజరు చరిత్రలో తనకి సాక్షులను వెతుక్కుంటున్నాడేమో! కొట్టిపారేయలేను. నేను జీతాలూ డిపాజిట్లూ ఇచ్చిన డబ్బు వేరే ఊళ్లో ఇంకో డిపాజిటర్‌కి చేరాల్సింది కావచ్చు. నా ఎదురుగా కూర్చున్నవాడి బాధ నాకు కనబడింది, కనబడనివాడి బాధ కనబడలేదు. ముబారిజ్ ఖాన్ ఇక్కడి సైన్యానికి జీతాలిచ్చాడు, నిజమే. ఢిల్లీలో జీతాలందక వీధిన పడ్డ సిపాయిల లెక్క అతను చూడలేదు.

రెండోది, రైతు. సుబాదారు సొమ్ము ఢిల్లీకి పంపకపోతే మన రైతుకి ఏం ఒరిగింది? ఏటా దండు వచ్చి కోట పగలగొట్టి శిస్తు పట్టుకుపోతే, ఆ శిస్తు ఢిల్లీ వెళ్లినా హైదరాబాద్‌లో ఆగినా గాదె ఖాళీయే. "స్థానిక పాలన" అని మనం మురిసిపోవడానికి అక్కడ ఏమీ లేదు. సుబాదారుని పైకి ఎంత పంపాడన్న దాన్ని బట్టి కాక కిందివాళ్లను ఎలా చూశాడన్న దాన్ని బట్టి తూచాలని నేననుకుంటాను. కానీ ఆ తూకంలో ముబారిజ్ ఖాన్ గానీ నిజాం గానీ ఏమంత బరువు తూగుతారు?

మూడోది గట్టి ప్రశ్న. సొమ్ము పంపినవాడు కూడా ఉన్నాడు కదా? ఉన్నాడు, బెంగాల్‌లో ముర్షిద్ కులీ ఖాన్. అక్కడికి వెళ్లకముందు ఆయన మన హైదరాబాద్‌లోనే దివానుగా చేశాడు. లెక్కల మనిషి. ఢిల్లీలో ఎవడు పాదుషా అయినా సరే, ఏటా కోటి రూపాయలకు తగ్గకుండా బళ్ల మీద ఎక్కించి పంపాడు. 1727లో ఆయన పోయాక ఏమైంది? అల్లుడు గద్దెక్కాడు. బెంగాల్ కూడా వంశపారంపర్యమైపోయింది, పైగా సొమ్ము పంపుతూనే! పంపినవాడి సుబా, పంపనివాడి సుబా ఒకే గూటికి చేరాయంటే, గొడవ పంపడంలోనో పంపకపోవడంలోనో లేదు. ముర్షిద్ కులీనీ చచ్చిపోయేదాకా ఎవరూ బదిలీ చేయలేకపోయారు. నాకైతే అదే అసలు సంగతి.

నిజాం తర్వాతి జీవితం చూసినా "స్వతంత్రుడు" అన్న మాట నిలబడదు. 1737లో పాదుషా పిలిస్తే అరవై ఆరేళ్ల వయసులో ఢిల్లీ వెళ్లాడు. మరాఠాల మీదికి పంపితే వెళ్లి భోపాల్ దగ్గర బాజీరావు చేతిలో ఓడిపోయాడు. 1739లో కర్నాల్ దగ్గర, దండెత్తి వచ్చిన ఇరాన్ రాజు నాదిర్ షా ముందు పాదుషా తరఫున బేరసారాలు చేశాడు. స్వతంత్ర రాజుకి ఆ అవస్థ ఎందుకు? ఈలోగా దక్కన్‌లో తన బదులు పెట్టి వచ్చిన కొడుకు నాసిర్ జంగ్, తండ్రి లేని రుచి మరిగాడు. తిరిగొచ్చి 1741లో కన్న కొడుకుతోనే యుద్ధం చేయాల్సి వచ్చింది. ఢిల్లీకి తను ఏమయ్యాడో, తనకి కొడుకు అదయ్యాడు. 1748లో బుర్హాన్‌పూర్‌లో పోతూ రాయించిన వీలునామాలో, పాదుషా పట్ల విధేయత తప్పొద్దని వారసులకు చెప్పాడు. అది భక్తో లౌక్యమో తేల్చడం నా వల్ల కాదు. మెమోలకు నేను రాసిన జవాబుల్లో ఏది ఎంతో నాకే తెలియదు.

గోల్కొండ తాళాలు

ముబారిజ్ ఖాన్ ఇంకో కొడుకు ఖ్వాజా అహ్మద్ ఖాన్. షకర్ ఖేడా కబురు తెలిశాక గోల్కొండ కోట తలుపులు మూయించి లోపల కూర్చున్నాడు. మొఘల్ కాగితాల్లో ఆ కోట పేరు మహమ్మద్‌నగర్. ఔరంగజేబు అంతటివాడికి 1687లో ఎనిమిది నెలలు పట్టింది ఆ కోట. ఆ ముట్టడిలోనే నిజాం తాత ఖిలిచ్ ఖాన్ ఫిరంగి గుండుకి చెయ్యి పోగొట్టుకుని చనిపోయాడు. ఆ కోట గోడ గురించి నిజాంకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అందుకే ఫిరంగులు పెట్టలేదు. మనుషుల్ని పంపాడు, మాట్లాడించాడు, ఆగాడు. కుర్రాడు మొదట బెట్టు చేశాడు. చివరికి మన్సబు (మొఘల్ కొలువులో హోదా), జాగీరు ఇస్తామన్నారు. ఏ సంతకం మీద? దక్కన్ సుబాదారు సంతకం మీద, ఢిల్లీ పాదుషా పేరుతో. తీసుకున్నాడు. తండ్రి తల ఢిల్లీ పంపినవాడికి కోట తాళాలు అప్పగించాడు.

పోయిన ఆదివారం మేనకోడలికి ఇదంతా చెప్పాను. బుద్ధిగా వింది. తర్వాత, "మరి ఆ గోడ సగం ఎక్కడిదాకా ఆయన కట్టాడు, ఎక్కణ్నించి నిజాం కట్టాడు మామయ్యా?" అంది. దబీర్‌పురా వెళ్లి ఇద్దరం కమాను కింద నిలబడి చూశాం. రాయి అంతా ఒకేలా ఉంది. వెనకనుంచి ఆటోవాడు హారన్ కొడితే పక్కకి తప్పుకున్నాం.